ఛాతీ పట్టీ చెప్పే గుండె వేగం ఇంటి కంప్యూటర్‌కు చేరకపోతే: సమస్య - పరిష్కారం

వర్షాకాలంలో విజయనగరంలో అయ్యకోనేరు గట్టు మీద నడక కుదరక, ఇంట్లోనే సైకిల్ తొక్కుతూ, ఛాతీకి కట్టుకునే సెన్సర్ పట్టీ కొలిచే గుండె వేగాన్ని కంప్యూటర్ తెర మీద చూసుకోవాలనుకునేవారి కోసం ఈ వివరణ. అంకె కనిపించనప్పుడు చాలామంది ముందుగా సాఫ్ట్‌వేర్‌ను తీసేసి మళ్లీ ఎక్కిస్తారు. నిజానికి అది చివర చేయవలసిన పని. సంకేతం చర్మం దగ్గర పుట్టి, గాలిలో రేడియో తరంగంగా ప్రయాణించి, ఆ తరువాతే సాఫ్ట్‌వేర్‌కు చేరుతుంది గనుక పరీక్ష కూడా అదే వరుసలో సాగాలి.

సమస్య: జాబితాలో పట్టీ పేరే కనిపించదు

పట్టీని బల్ల మీద పెట్టి వెతికితే అది దొరకదు. బ్యాటరీ ఆదా కోసం చాలా పట్టీలు తమ ఎలక్ట్రోడ్లు (గుండె విద్యుత్ సంకేతాన్ని చర్మం నుంచి అందుకునే భాగాలు) తడి చర్మానికి ఆనినప్పుడే మేల్కొనేలా తయారవుతాయి. పట్టీ లోపలి వైపు తడిపి, ఛాతీ ఎముక కింద బిగుతుగా కట్టుకున్న తరువాతే వెతకాలి.

కట్టుకున్నా కనిపించకపోతే ముందుగా అనుమానించవలసింది జేబులోని ఫోన్‌నే. బ్లూటూత్ పట్టీలలో చాలా వాటికి ఒక సమయంలో ఒక్క పరికరంతోనే సంబంధం ఉంటుంది. ఫోన్‌లోని యాప్ దానిని ముందే అందుకుంటే పట్టీ తన ఉనికిని ప్రకటించడం మానేస్తుంది, కంప్యూటర్‌కు అది లేనట్టే. ఫోన్‌లో బ్లూటూత్‌ను పూర్తిగా ఆపి మళ్లీ వెతకండి. యాప్‌ను మూసినంత మాత్రాన సరిపోదు, ఎందుకంటే అది తెర వెనుక పనిచేస్తూనే ఉండవచ్చు.

ఫోన్‌తో చక్కగా పనిచేసిన పట్టీ కంప్యూటర్‌తో మాత్రం పనిచేయకపోతే లోపం కంప్యూటర్ వైపే ఉంది. ఈ పట్టీలు వాడే తక్కువ విద్యుత్తు బ్లూటూత్ 2010లో వచ్చిన 4.0 ప్రమాణంతో మొదలైంది. విండోస్ 7లో దానికి సహజమైన మద్దతు లేదు. పాత డెస్క్‌టాప్‌కు కొత్త డాంగిల్ (యూఎస్‌బీ రంధ్రంలో పెట్టే చిన్న బ్లూటూత్ రిసీవర్) కొని తగిలించినప్పుడు లోపల పాత బ్లూటూత్ కూడా ఉంటే, డివైజ్ మేనేజర్‌లో పాతదానిని నిలిపివేయాలి. విండోస్ ఒకేసారి ఒక్క బ్లూటూత్ రేడియోతోనే పనిచేస్తుంది. బ్లూటూత్ కాక, యాంట్ ప్లస్ అనే మరో రేడియో పద్ధతిలో మాత్రమే పంపే పట్టీకైతే బ్లూటూత్ డాంగిల్ ఎంత ఖరీదైనదైనా పనికిరాదు, యాంట్ ప్లస్ యూఎస్‌బీ రిసీవరే కావాలి.

పట్టీకి బదులు చేతి గడియారం వాడితే, అందులో గుండె వేగాన్ని ఇతర పరికరాలకు ప్రసారం చేసే ఎంపికను విడిగా ఆన్ చేయాలి. చవక బ్యాండ్లు కొన్ని తమ సొంత యాప్‌కు తప్ప మరెవరికీ అంకె ఇవ్వవు. వాటితో కుస్తీ పట్టడం వృథా.

సమస్య: అంకె వస్తుంది, మధ్యలో పోతుంది

డాంగిల్ కంప్యూటర్ వెనుక భాగంలో, యూఎస్‌బీ 3.0 హార్డ్ డిస్క్ పక్కనే ఉన్నదేమో చూడండి. యూఎస్‌బీ 3.0 పరికరాలు, కేబుళ్లు 2.4 గిగాహెర్ట్జ్ పరిధిలో రేడియో రొద పుట్టిస్తాయని ఇంటెల్ సంస్థ 2012లోనే ఒక పత్రంలో వివరించింది. పట్టీ మాట్లాడేదీ ఆ పరిధిలోనే. పైగా మన శరీరంలోని నీరు ఆ తరంగాలను పీల్చుకుంటుంది గనుక, కంప్యూటర్‌కు వీపు పెట్టి సైకిల్ తొక్కేవారికి సంకేతం మరింత బలహీనపడుతుంది. మీటరు పొడవున్న యూఎస్‌బీ పొడిగింపు కేబుల్‌తో డాంగిల్‌ను ఛాతీకి ఎదురుగా తెచ్చిపెడితే ఈ రెండు ఇబ్బందులూ తగ్గుతాయి. ఇన్ని ఉపాయాలలో ఇంత తక్కువ ఖర్చుతో ఇంత ఫలితమిచ్చేది మరొకటి లేదు.

యాంట్ ప్లస్ గుండె వేగ సెన్సర్లు 2457 మెగాహెర్ట్జ్ వద్ద ప్రసారం చేస్తాయి. వైఫై 11వ చానెల్ ఆ స్థానాన్ని కప్పేస్తుంది. రౌటర్‌ను 1వ చానెల్‌కు మార్చడం, కుదిరితే కంప్యూటర్‌ను 5 గిగాహెర్ట్జ్ వైఫైకి కలపడం మంచిది.

సమస్య: అంకె నమ్మేలా లేదు

మొదటి కొన్ని నిమిషాలు 190, 200 చూపించి, చెమట పట్టాక దారికి వచ్చిందంటే ఎలక్ట్రోడ్లు పొడిగా ఉన్నాయని అర్థం. శ్రీకాకుళం తీరంలో వేసవి ఉక్కపోతకు ఈ బెడద దాదాపు ఉండదు. పుష్య, మాఘ మాసాల పొడి ఉదయాలలో, ఫ్యాన్ కింద పాలిస్టర్ చొక్కాతో కూర్చున్నప్పుడు స్థిర విద్యుత్తు కూడా తోడై అంకెలు ఎగిరిపడతాయి. పట్టీని గోరువెచ్చని నీటితో తడపాలి, నూలు బనియను వేసుకోవాలి. చెమట ఉప్పు పేరుకుంటే పట్టీ మీది నొక్కు బొత్తాలు తుప్పు పడతాయి గనుక వాడిన ప్రతిసారీ కడిగి ఆరబెట్టాలి.

ఛార్జర్ పెట్టిన ల్యాప్‌టాప్ లోహపు అంచును తాకినప్పుడే అంకె చెదిరితే, ఇంటి ఎర్తింగ్‌ను అనుమానించాలి. ఛార్జర్ తీసి చూడండి. అంకె కుదురుకుంటే ఎలక్ట్రీషియన్ చేత ఎర్తింగ్ పరీక్ష చేయించాలి. మూడో పిన్ను విరిచి రెండు రంధ్రాల సాకెట్‌లో దూర్చే అలవాటు ఉన్న ఇళ్లలో ఇది పట్టీ కంటే పెద్ద సమస్య.

నడకలోనో పరుగులోనో చేతి గడియారం 160 దగ్గర పాతుకుపోతే, అది నాడిని కాక అడుగుల లయను లెక్కిస్తూ ఉండవచ్చు. మణికట్టు ఎముకకు కాస్త పైగా, బిగించి కట్టుకోవాలి. ఏది నిజమో తేల్చుకోవడానికి కాసేపు ఆగి, మెషీన్ అంకెను చూడకుండా, వేళ్లతో నాడి పట్టి 30 సెకన్లు లెక్కించి రెట్టింపు చేయండి. వేళ్లకు కూడా నాడి లయ తప్పినట్టు తెలిస్తే, లేదా ఛాతీలో నొప్పి, కళ్లు తిరగడం ఉంటే కేబుళ్లను వదిలి వెంటనే వైద్యుని దగ్గరకు వెళ్లాలి.

సమస్య: వేగం వస్తుంది, స్పందనల మధ్య విరామాల గ్రాఫ్ ఖాళీగా ఉంటుంది

ఇది చెడిపోవడం కాదు. బ్లూటూత్ ప్రమాణంలో ప్రతి రెండు స్పందనల మధ్య విరామాన్ని సెకనులో 1024వ వంతు కొలతలో పంపే ఏర్పాటు ఉన్నా, అది తప్పనిసరి కాదు. చేతి గడియారాలలో చాలావరకు దానిని పంపవు. ఛాతీ పట్టీకి మారడమే మార్గం.

సమస్య: బ్యాటరీ త్వరగా అయిపోతుంది

పాడ్‌ను, అంటే పట్టీకి బొత్తాలతో తగిలే చిన్న సెన్సర్ పెట్టెను, తడి పట్టీకే తగిలించి వదిలేస్తే, ఒంటి మీదే ఉన్నాననుకుని అది మేలుకొనే ఉంటుంది. వాడగానే ఒక బొత్తామైనా విప్పేయాలి. ఎక్కువ పాడ్లలో ఉండే సీఆర్ 2032 బిళ్ల బ్యాటరీ అరిగిపోయినా మల్టీమీటర్‌లో 3 వోల్టులకు దగ్గరగా చూపించవచ్చు కాబట్టి, మీటర్‌ను నమ్మకుండా కొత్తది వేసి చూడటమే సరైన పరీక్ష. మూత కింది రబ్బరు వలయం మడత పడకుండా బిగించండి. తీసిన పాత బిళ్లను బల్ల మీద వదలవద్దు. పిల్లలు మింగితే రెండు గంటల్లోనే అన్నవాహికను తీవ్రంగా కాల్చగలదు.