మెల్లిఫెరా పెట్టెల్లో వరోవా నల్లికి వాము పువ్వు: అదను, మోతాదు, జాగ్రత్తలు

తేనెటీగలకు పట్టే వరోవా అనే నల్లి మీద సుగంధ తైలాలు పనిచేస్తాయా అంటే, నమ్మకంగా చెప్పగలిగింది ఒక్కటే: థైమాల్. ఆయుర్వేద దుకాణాల్లో వాము పువ్వు పేరుతో అమ్మే పలుకులు అవే. స్విట్జర్లాండులోని లీబెఫెల్డ్ పరిశోధకులు 1999లో వేసిన సమీక్షలో, అప్పటిదాకా ప్రయోగశాలల్లో పరీక్షించిన తైలాలు, వాటి అంశాలు 150కి పైనే తేలాయి. పెట్టెల దగ్గరికి వచ్చేసరికి నిలబడినవి చాలా కొద్ది. థైమాల్, లేదా దానికి యూకలిప్టస్ సారమో మెంథాలో కర్పూరమో కలిపిన మిశ్రమాలే 90 శాతానికి మించి నల్లిని చంపాయి.

మిగతా సీసాల సంగతి త్వరగా తేల్చేద్దాం. నీలగిరి తైలం ఒక్కటే వేస్తే నల్లి పెద్దగా రాలదు. నిమ్మగడ్డి నూనె ఈగలను రమ్మని పిలిచే వాసన. దాన్ని పెట్టెలో పోస్తే పక్క పెట్టెల ఈగలు తేనె దోపిడీకి దిగుతాయి. వేపనూనె పిచికారీ చేస్తే నల్లి కొంత తగ్గుతుంది గానీ పిల్ల పురుగులు కూడా తగ్గుతాయి, రాణి పోయిన సందర్భాలున్నాయి. పంచదార పాకంలో నూనె చుక్కలు కలిపి తాగించే పద్ధతికి నల్లి లొంగదు, తేనెకు మాత్రం వాసన పడుతుంది.

ఇక్కడ చెప్పేదంతా ఐరోపా ఈగ, అంటే మెల్లిఫెరా పెట్టెలకే. అరకు, పాడేరు వైపు పెంచే పుట్ట తేనెటీగకు, అంటే ఆసియా ఈగకు, ఇది వద్దు. వరోవా ఆసియా ఈగకు పాత చుట్టం. దాని పెట్టెలో నల్లి ఎక్కువగా పోతు ఈగలు పెరిగే మైనపు గదుల్లోనే పెరుగుతుంది, ఈగలు కూడా దాన్ని ఏరి పారేసుకుంటాయి. పైగా పుట్ట ఈగకు ఘాటు వాసన తగిలితే పెట్టె వదిలి లేచిపోవడం ఎంతసేపు!

నెల రోజులు ఎందుకు పడుతుంది

వరోవా ఆడనల్లి గోధుమ ఎరుపు రంగులో, అడ్డంగా వెడల్పుగా ఉంటుంది: పొడవు 1.1 మి.మీ., వెడల్పు 1.6 మి.మీ. గదికి మైనపు మూత పడే ముందు అది లోపలికి దూరి, పిల్ల పురుగు కింద నక్కి, మూత పడ్డాక గుడ్లు పెడుతుంది. కూలి ఈగ గది దాదాపు 12 రోజులు మూసి ఉంటుంది, పోతు ఈగది 14, 15 రోజులు. థైమాల్ ఆవిరి మూత దాటి లోపలికి పోదు. ఈగల ఒంటి మీద తిరిగే నల్లి మాత్రమే చస్తుంది. అంటే మూసిన గదుల్లోంచి నల్లి బయటికి వచ్చే ప్రతిసారీ పెట్టెలో తగినంత ఆవిరి ఉండాలి. ఒక్కసారి పెద్ద మోతాదు వేసి చేతులు దులుపుకుంటే, మూడో వారానికి నల్లి మళ్లీ మొదటికే వస్తుంది.

కావలసిన గాఢత లీటరు గాలికి 5 నుంచి 15 మైక్రోగ్రాములు. అంతకు తగ్గితే నల్లి బతుకుతుంది, బాగా పెరిగితే ఈగలు బయటికి పోతాయి. ఈ కట్టుదిట్టమంతా ఉష్ణోగ్రత చేతిలో ఉంది.

ముందు లెక్క పెట్టండి

కంటికి నల్లి కనిపించిందని మందు వేయకూడదు, కనిపించలేదని ఊరుకోనూ కూడదు. పిల్లలున్న చట్రం (తుట్టె కట్టే చెక్క ఫ్రేము) ఒకటి తీసి, దాని మీద రాణి లేదని రెండుసార్లు చూసుకుని, ఈగలను అర కప్పు, అంటే 120 మి.లీ. కొలతకు తీసుకోండి. సుమారు 300 ఈగలు వస్తాయి. ఇంచికి 8 కన్నులున్న జాలీ మూత బిగించిన సీసాలో వేసి, రెండు పెద్ద చెంచాల పంచదార పొడి చల్లి, ఒక నిమిషం మెల్లగా దొర్లించి, రెండు నిమిషాలు నీడలో ఉంచండి. తర్వాత సీసా బోర్లించి తెల్ల పళ్లెం మీద గట్టిగా దులపండి. పళ్లెంలో కాస్త నీళ్లు చిలకరిస్తే పంచదార కరిగి నల్లి ఎర్రగా తేలుతుంది. ఈగలను తిరిగి పెట్టెలో వదిలేయొచ్చు. పంచదార ఇంట్లో మిక్సీ పట్టుకుంటే చాలు, కానీ ముసురు రోజుల్లో చేయొద్దు. పొడి ముద్దకట్టి నల్లి ఈగల ఒంటికే అంటుకుపోతుంది, లెక్క తక్కువ వస్తుంది.

వచ్చిన సంఖ్యను మూడుతో భాగిస్తే శాతం. 300 ఈగలకు 9 నల్లులు, అంటే 3 శాతం వస్తే ఆలస్యం చేయకూడదు. 2 శాతం దగ్గర ఉండి, ముందు తేనె రాని నెల రోజుల ఖాళీ దొరుకుతుందనుకుంటే అప్పుడే మొదలుపెట్టడం మంచిది.

అదను

నీడలో పగటి గరిష్ఠం 20 నుంచి 30 డిగ్రీల మధ్య ఉండాలి. 15 కంటే తగ్గితే పలుకులు ఆవిరి కావు. 30 దాటితే సగం మోతాదు, 33 దాటితే అసలు వద్దు. థైమాల్ 50 డిగ్రీల దగ్గర కరిగిపోతుంది. ఏప్రిల్ ఎండలో రేకు మూత కింద ఎంత వేడి ఉంటుందో పెంపకందార్లకు చెప్పనక్కర్లేదు.

తెలుగు నేల మీద ఈ లెక్కకు సరిపోయేవి అక్టోబరు చివరి నుంచి ఫిబ్రవరి మొదటి వారం దాకా. చిక్కేమిటంటే కంది, ధనియాలు, పొద్దుతిరుగుడు, అరకు వైపు వలిసెలు పూసేవి కూడా ఆ నెలల్లోనే. తేనె వస్తున్నప్పుడు థైమాల్ పెట్టెలో ఉండకూడదు. కాబట్టి ఒక పంట తేనె తీసేశాక, తర్వాతి పూత దగ్గరికి పెట్టెలు తరలించే లోపు దొరికే ఖాళీని ముందే క్యాలెండర్లో గుర్తు పెట్టుకోవాలి. ఆ ఖాళీ లేకపోతే సెప్టెంబరు చివర, పెద్ద పూతకు ముందే, సగం మోతాదుతో చేసేయడం మేలు.

మన దగ్గర చాలామంది పైగది (తేనె కోసం పెట్టె మీద ఎక్కించే తేనె గది) పెట్టకుండా పిల్లల గది చట్రాల నుంచే తేనె పిండుతారు. వైద్యం జరిగిన చట్రాల్లోని తేనె మాత్రం ఈగలకే వదిలేయాలి. ఆ చట్రాల పై కర్ర మీద మార్కరుతో గుర్తు వేయండి. కిలో తేనెలో థైమాల్ 1.1 మి.గ్రా. దాటితే చాలు, నాలుకకు వాము రుచి తెలిసిపోతుంది. స్విట్జర్లాండు పెట్టిన పరిమితి 0.8 మి.గ్రా.

సరుకు చూసుకోవడం

వాము పువ్వు పలుకులు పొడిగా, విడివిడిగా, పెద్దగా ఉండాలి. పొట్లం తడితడిగా ఉంటే అందులో పుదీనా పువ్వో కర్పూరమో కలిసిందని అర్థం. ఈ మూడింట్లో ఏవి కలిసినా నీరుగారిపోతాయి, అమృతధార తయారయ్యేది అలాగే. అనుమానముంటే నాలుగు పలుకులు చిన్న ప్లాస్టిక్ కవర్లో వేసి, థర్మామీటరు చూసుకుంటూ 46 డిగ్రీల నీళ్లలో ముంచండి. మెంథాల్ 42 దగ్గరే కరుగుతుంది, థైమాల్ గట్టిగానే ఉంటుంది.

పది పెట్టెలకు తయారీ

ఒక్కో పెట్టెకు ఒక విడతకు, అంటే పది రోజులకు, 6 గ్రాములు. ఈ అంకె గాలిలోంచి రాలేదు. విదేశాల్లో అమ్మే 50 గ్రాముల థైమాల్ జెల్ పొట్లంలో 25 శాతం, అంటే 12.5 గ్రాములుంటుంది. చిన్న కుటుంబాలకు అందులో సగమే వాడమంటారు. మన పది చట్రాల ఒంటిగది పెట్టెలో ఈగలు 6 నుంచి 8 చట్రాలు కప్పి ఉంటాయి, వాతావరణమూ వెచ్చన, కాబట్టి ఆ సగమే తగినది. ఈగలు 4 చట్రాలకు తక్కువగా ఉంటే 3 గ్రాములు చాలు.

కావలసినవి: వాము పువ్వు 60 గ్రాములు, ఐసోప్రొపైల్ ఆల్కహాల్ 60 మి.లీ., పూలగుత్తులు అమరుస్తారే ఆ ఆకుపచ్చ ఫోమ్, దోమల జాలీ, 0.1 గ్రాము వరకు తూచే చిన్న త్రాసు, నైట్రైల్ చేతొడుగులు, కళ్లద్దాలు. ఫోమ్‌ను 5 సెం.మీ. పొడవు, 5 సెం.మీ. వెడల్పు, 1 సెం.మీ. మందంతో 20 ముక్కలు కోయాలి. మూత బిగుతుగా ఉండే గాజు సీసాలో పలుకులు, ఆల్కహాల్ వేసి ఊపితే వేడి అక్కర్లేకుండానే కరుగుతుంది. పొయ్యి దగ్గర ఈ పని పెట్టుకోవద్దు. కరిగాక మొత్తం దాదాపు 120 మి.లీ. వస్తుంది. సిరంజితో ఒక్కో ముక్కకు అందులో ఇరవయ్యో వంతు, అంటే 6 మి.లీ. చొప్పున పోస్తే ముక్కకు 3 గ్రాముల థైమాల్ పడుతుంది. ఆరుబయట నీడలో ఆల్కహాల్ వాసన పోయేదాకా ఆరనివ్వాలి. ముక్క లోపల సన్నటి పలుకులు పేరుకుంటాయి. తర్వాత ఒక్కోదాన్ని దోమల జాలీలో చుట్టి కుట్టేయండి, లేకపోతే ఈగలు ఫోమ్ కొరికి గుమ్మం బయట పోస్తాయి. వెంటనే వాడకపోతే గాజు సీసాలో పెట్టి మూత బిగించాలి. వట్టి చేత్తో పలుకులు ముట్టుకుంటే చర్మం మండుతుంది, ఆ చేత్తో కన్ను నలుపుకుంటే ఆ రోజంతా అదే పని.

ఆల్కహాల్ బదులు వంటనూనెలో కరిగించే పద్ధతీ ఉంది. మన వేడికి నూనె ముక్కలోంచి కారి ఈగల మీద పడుతుంది, అది తగిలిన ఈగ బతకదు. ఆ జోలికి పోకపోవడమే మంచిది.

పెట్టడం

సాయంత్రం, ఈగలు తిరిగి వచ్చే వేళ పెట్టాలి. తేనె గది ఉంటే తీసేయాలి. చట్రాల పై కర్రలకూ లోపలి మూతకూ మధ్య 1.5, 2 సెం.మీ. సందు లేకపోతే ఆవిరి తిరగదు, అందుకని సన్నటి చెక్క చట్రం ఒకటి మధ్యలో వేయండి. థైమాల్ ఆవిరి గాలికంటే బరువు, పై నుంచి కిందికి దిగుతుంది. అందుకే ముక్కలు పైన ఉండాలి, అడుగు పలకకు జాలీ ఉంటే దాన్ని మూసేయాలి. గుమ్మం మాత్రం పూర్తిగా తెరిచి ఉంచండి.

మొదటి రోజు ఒకే ముక్క, ఒక మూలన. నాలుగో రోజు రెండో ముక్క ఎదురు మూలన. ఈ ఎడంతో ఈగలు వాసనకు అలవాటు పడతాయి, గుమ్మం ముందు గుంపు కట్టడం తగ్గుతుంది. ముక్కకూ పిల్లలున్న గదులకూ మధ్య 4 సెం.మీ. దూరం తప్పనిసరి. దగ్గరగా పెడితే ఆ కింద పిల్లలను ఈగలే లాగి పారేస్తాయి. పదో రోజు పాతవి తీసి రెండు కొత్తవి, ఇరవయ్యో రోజు మళ్లీ రెండు. ముప్ఫయ్యో రోజు అన్నీ తీసేయాలి. పైన చెప్పిన 60 గ్రాములు ఒక విడతకే. మూడు విడతలకు 180 గ్రాములు కొనుక్కోవాలి. 30 డిగ్రీలు దాటే రోజుల్లో ఏ విడతలోనైనా ఒకే ముక్క.

ఒక దొడ్డిలో పెట్టెలన్నిటికీ ఒకేసారి చేయాలి. సగం పెట్టెలు వదిలేస్తే, దారి తప్పిన ఈగలు, దోపిడీ ఈగలు నల్లిని మోసుకొచ్చి శుభ్రమైన పెట్టెల్లో దించుతాయి.

తేడా వచ్చినప్పుడు

మొదటి సాయంత్రం కొన్ని ఈగలు గుమ్మం ముందు గెడ్డంలా వేలాడితే కంగారుపడక్కర్లేదు. మర్నాడు పొద్దున కూడా చట్రాలు ఖాళీగా కనిపిస్తూ ఈగలన్నీ బయటే ఉంటే ముక్క తీసేయాలి, రెండు రోజులాగి సగం ముక్క పెట్టాలి. రాణి కొన్ని రోజులు గుడ్లు తగ్గించడం మామూలే. కానీ ముక్కలు తీసేసిన వారానికి కూడా కొత్త గుడ్డు కనపడకపోతే రాణిని వెతకాలి.

నాలుగు రోజులకే ముక్క ఖాళీ అయి తేలికైపోతే వేడి ఎక్కువైందన్నమాట, పెట్టెలను నీడకు మార్చాలి. పది రోజులకూ సగానికి పైగా మిగిలి ఉంటే చలైనా కావాలి, ఈగలు తక్కువైనా కావాలి, లేదా జాలీని ఈగలు జిగురుతో పూసేసి ఉండాలి. జిగురు పూస్తే జాలీ మార్చితే సరిపోతుంది. అడుగున వాసెలిన్ రాసిన తెల్ల అట్ట వేసి చూస్తే రెండో, మూడో రోజు నుంచి నల్లి రాలడం ఎక్కువవుతుంది, మూసిన గదులు విచ్చుకుంటున్నకొద్దీ వారాల పాటు రాలుతూనే ఉంటుంది. వాసన గందరగోళంలో కాపలా ఈగలు దొంగలను గుర్తుపట్టలేవు. కాబట్టి ఆ నెలలో పాకం పోయాల్సొస్తే రాత్రి పూటే, లోపలే పోయాలి, బయట చుక్క పడకూడదు.

ముక్కలు తీసిన రెండు వారాలకు పంచదార పరీక్ష మళ్లీ చేయండి. 1 శాతానికి లోపు వస్తే పని అయినట్టే. తేనె గది కూడా అప్పటికి గానీ ఎక్కించొద్దు.

లెక్క బాగానే తగ్గి, అయినా మూత పడ్డ గదులకు చిల్లులు పడి పిల్లలు చస్తూ, రెక్కలు ముడుచుకుపోయిన ఈగలు గుమ్మం ముందు పాకుతుంటే, అది వరోవా కాకపోవచ్చు. మన దేశంలో కొండ తేనెటీగల నుంచి వచ్చే ట్రోపిలీలాప్స్ అనే ఇంకో నల్లి ఉంది: సన్నగా, పొడవుగా, తుట్టె మీద చకచకా పరిగెడుతుంది. అది ఎక్కువగా పిల్లల గదుల్లోనే ఉంటుంది కాబట్టి పంచదార పరీక్షకు చిక్కదు. పిల్లల చట్రాన్ని తెల్ల ట్రే మీద గట్టిగా తట్టి చూడాలి. దాని మీద థైమాల్‌ను నమ్ముకోవద్దు. పిల్లలు లేకుండా అది కొద్ది రోజులకు మించి బతకలేదు. రాణిని 24 రోజులు పంజరంలో పెట్టి, మూసిన గది ఒక్కటీ మిగలకుండా చేయడమే దానికి మందు. అదే అదనులో మిగిలిన వరోవాకు ఆక్సాలిక్ ఆమ్లం వేసేయొచ్చు: 600 మి.లీ. నీళ్లు, 600 గ్రాముల పంచదార కలిపిన పాకంలో 35 గ్రాములు కరిగించి, చట్రాల మధ్య సందుకు 5 మి.లీ. చొప్పున, పెట్టెకు 50 మి.లీ. మించకుండా, ఒక్కసారి. థైమాల్ ముక్కలు మాత్రం అప్పటికే బయట ఉండాలి.