పరుపు ఎవరికివ్వాలి, ట్యూబ్‌లైటు ఎక్కడ పడేయాలి: విదేశాల నుంచి బెజవాడ చేరినవారికి

పదేళ్లు బయటి దేశంలో ఉండి వచ్చి పటమటలోనో భవానీపురంలోనో ఇల్లు తీసుకున్నవారికి గ్యాసు, ఇంటర్నెట్టు, పనిమనిషి అన్నీ నెలలోపు కుదురుతాయి. అమ్మానాన్నల పాత ఇల్లు ఖాళీ చేయగా మిగిలిన పరుపు, చచ్చిన ఇన్వర్టర్ బ్యాటరీ, అటక మీది ట్యూబ్‌లైట్లు మాత్రం ఆరు నెలలైనా బాల్కనీలోనే ఉంటాయి. అక్కడ ఏ వస్తువు ఏ డబ్బాలో వేయాలా అని చూసేవారు. ఇక్కడ ఏ వస్తువు ఏ మనిషికి పనికొస్తుందో చూడాలి. ఎవరికీ అక్కరలేని వస్తువులు కొన్ని ఉంటాయి. ఇబ్బందంతా వాటితోనే.

ముందు ఎవరి పరిధో తెలుసుకోండి

కానూరు, పోరంకి, గొల్లపూడి, యనమలకుదురు అన్నిటినీ నోటిమాటగా విజయవాడే అంటారు. చెత్త బండికి ఆ లెక్క పనికిరాదు. ఇంటి పన్ను రసీదు మీద కార్పొరేషన్ పేరుందా, మున్సిపాలిటీదా, పంచాయతీదా చూడండి. బండి వాళ్లదే, ఫిర్యాదూ వాళ్లకే. కార్పొరేషన్ పరిధిలో ఉంటే మీ వార్డు సచివాలయంలో శానిటేషన్ సెక్రటరీ ఉంటారు. మొదటి వారంలోనే వెళ్లి వారి ఫోన్ నంబరు తీసుకోండి. మున్సిపల్ ఫిర్యాదుల కోసం ఉన్న పురమిత్ర యాప్‌లో ఫొటో పెట్టొచ్చు గానీ, పెద్ద సామాను విషయంలో ముఖపరిచయమే తొందరగా పని చేస్తుంది. చెత్త పన్ను ఇప్పుడు లేదు. పరుపు మోసినందుకో బీరువా దించినందుకో కూలి అడిగితే అది వేరు, అది ఇవ్వాల్సిందే.

చెత్త విడదీయడంపై 2016 నిబంధనలు తడి, పొడి, ప్రమాదకరమైనవి అని మూడు రకాలుగా విడదీయమన్నాయి. 2026 ఏప్రిల్ నుంచి అమల్లోకి వచ్చినవి నాలుగు చేశాయి: తడి, పొడి, శానిటరీ, ప్రత్యేక జాగ్రత్త కావాల్సినవి. మీరు వంటింట్లో పద్ధతిగా విడదీసింది అపార్ట్‌మెంట్ కింద వాచ్‌మన్ ఒకే నీలం డ్రమ్ములో గుమ్మరిస్తే అంతా గంగపాలే. కాబట్టి అసోసియేషన్ మీటింగులో మొదట అడగాల్సింది రెండో డ్రమ్ము. విజయవాడ, గుంటూరు చెత్తతో కరెంటు తీసే ప్లాంటు కొండవీడు దగ్గరుంది. తడి కలిసిన చెత్త అక్కడ సరిగా మండదు. పుట్టే వేడిలో చాలా భాగం నీళ్లు ఆవిరి కావడానికే పోతుంది. పొడి చెత్తను పొడిగా ఉంచమనడం వెనక చాదస్తమేమీ లేదు.

పాత సామాన్లవాడితో బేరం

మైకులో 'పాత ఇనప సామాన్లు, ప్లాస్టిక్ సామాన్లు కొంటాం' అంటూ వచ్చే బండి ఈ ఊరి అసలు రీసైక్లింగ్ వ్యవస్థ. పేపర్లు, అట్టపెట్టెలు, ఇనుము, రాగి, అల్యూమినియం, గట్టి ప్లాస్టిక్, బీరు సీసాలు తీసుకుంటారు. థర్మకోల్, కిటికీ అద్దం, పింగాణీ, ఫోము, లామినేషన్ ఊడిన ప్లైవుడ్ వద్దంటారు. కొత్తగా వచ్చినవారు చేసే తప్పు ఏమిటంటే, మొదటి రోజే ఇనుమూ రాగీ అమ్మేసి మురిసిపోవడం. తర్వాత మిగిలిన వాటి ముఖం చూసేవాడు ఉండడు. పాత ఫ్రిజ్జు, వాషింగ్ మెషిన్, ఇనప మంచం ఉన్నప్పుడే 'ఈ ప్లైవుడ్ బల్లా తీసుకెళ్తేనే ఇవి ఇస్తా'నని చెప్పండి. ధర కాస్త తగ్గినా ఇల్లు ఖాళీ అవుతుంది.

ఈ చిట్కాకి ఒక హద్దుంది. ఏ విలువా లేనిదాన్ని అంటగడితే అతను దాన్ని తర్వాతి మలుపులో కాలువగట్టు మీద దించేస్తాడు. వేసవిలో మరమ్మతులకు నీళ్లు ఆపినప్పుడు బందరు కాలువ, ఏలూరు కాలువ, రైవస్ కాలువ అడుగున ఏముందో వంతెన మీంచి చూస్తే చాలు, ఎవరింటి పరుపు ఎటు పోయిందో తెలుస్తుంది. అందుకే పనికొచ్చే భాగాన్నీ పనికిరానిదాన్నీ ఇంట్లోనే విడదీసి ఇవ్వడం మేలు.

తూకం మీ ముందే వేయించండి. కాటా ముల్లు సున్నా దగ్గరుందో లేదో చూశాకే సామాను పెట్టనివ్వండి. ఫోన్లు, లాప్‌టాప్‌లు మాత్రం ఇతనికి వద్దు, వాటి సంగతి కింద ఉంది.

పాత బట్టలకు స్టీలు సామాన్లిచ్చే ఆడవాళ్లు వీధుల్లోకి ఇంకా వస్తున్నారు. జరీ చీరలు, ప్యాంట్లు అడుగుతారు. లోదుస్తులు, చిరిగిన దుప్పట్లు ఇచ్చి నవ్వులపాలు కావద్దు. నూలు దుప్పట్లయితే మెకానిక్ షెడ్డులో తుడుపు గుడ్డలకి అడిగి తీసుకుంటారు.

పరుపు

దీనికి సమాధానం అది ఏ పరుపన్న దాన్ని బట్టి ఉంటుంది. బూరుగు దూదిదైతే పారేయడం దండగ. రెండు రోజులు ఎండలో వేసి, దూది ఏకేవాళ్లకిస్తే విప్పి ఏకి కొత్త గలేబులో నింపిస్తారు. పెద్ద పరుపు నుంచి రెండు చిన్న పరుపులు, నాలుగు దిండ్లు చేయించుకునేవాళ్లూ ఉన్నారు. బూజు పట్టి నల్లబడిన దూది మాత్రం ఏకినా వాసన పోదు.

ఫోము పరుపు అంచు గుడ్డ కోసి చూడండి. ఫోము నొక్కితే వెంటనే లేస్తోందంటే సోఫా రిపేరు చేసేవాళ్లు తీసుకుంటారు. వేళ్లకి పొడిపొడిగా రాలుతోందంటే ఎవరూ ముట్టరు. కొబ్బరి పీచు పరుపుని పొడవాటి పేపర్ కట్టర్‌తో అడుగు వెడల్పు ముక్కలుగా కోసి, తాడుతో కట్టలు కట్టి పొడి చెత్తతో రోజుకొకటి చొప్పున పంపొచ్చు. 6 అడుగుల పరుపు ఒక్కసారే కిందకి దించితే బండివాళ్లు ఎక్కించుకోరు, కట్టలయితే కాదనరు. ఈ కోత డాబా మీద పెట్టుకోండి, ముక్కుకి గుడ్డ కట్టుకోండి. పదేళ్ల దుమ్ము ఉంటుంది.

స్ప్రింగు పరుపులో రెండు జాతులు. స్ప్రింగులన్నీ ఒకదానికొకటి తీగతో అల్లుకుని ఉంటే, చుట్టూ గుడ్డ కోసి పైపొర లాగితే ఇనుమంతా ఒకే చట్రంలా వచ్చేస్తుంది, పాత సామాన్లవాడు సంతోషంగా పట్టుకుపోతాడు. ఒక్కో స్ప్రింగూ గుడ్డ సంచిలో విడిగా కుట్టి ఉంటే ఆ పని మొదలుపెట్టొద్దు. రోజంతా కోసినా వచ్చే ఇనుము టీ ఖర్చుకి సరిపోదు. అలాంటివాటికి కొత్త పరుపు కొనేటప్పుడే పాతది తీసుకెళ్తారా అని షాపులో అడగడం ఒక్కటే సుఖమైన దారి. డెలివరీ అయ్యాక అడిగితే ఎవరూ పలకరు.

ఏ పరుపైనా సరే, వాన తగలకుండా చూడండి. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినప్పుడు సింగ్‌నగర్ వీధుల నిండా పేరుకున్న పరుపుల్ని గుర్తు తెచ్చుకోండి. తడిసిన పరుపు ఇద్దరు లేపలేనంత బరువవుతుంది, రెండో రోజుకే కంపు మొదలవుతుంది.

బ్యాటరీలు, బల్బులు, ఫోన్లు

ఇన్వర్టర్ బ్యాటరీ విషయంలో కష్టం తక్కువ. లోపలి సీసానికి విలువుంది కాబట్టి కొత్తది కొన్నచోటే పాతదానికి బిల్లులో తగ్గిస్తారు. రెండు షాపుల్లో అడిగి చూడండి, తేడా బాగానే ఉంటుంది. 150 ఏహెచ్ బ్యాటరీ యాసిడ్‌తో కలిపి 50 కిలోలు దాటుతుంది. నిలువుగానే మోయించాలి, పక్కకి ఒరిగితే మూతల్లోంచి యాసిడ్ కారి గ్రానైటు మెట్లు కూడా మచ్చపడతాయి. యాసిడ్ పారబోసి తెస్తే ఎక్కువిస్తాననేవాడికి అసలు ఇవ్వొద్దు. ఆ పారబోసేది మీ వీధి డ్రైనేజీలోకే.

ఫోను, లాప్‌టాప్, పవర్ బ్యాంకు బ్యాటరీలు వేరే రకం. ఇవి చెత్త బండిలో నలిగితే నిప్పంటుకుంటుంది. పాజిటివ్, నెగటివ్ కొసలకి విడివిడిగా టేపు వేయండి. ఉబ్బిన బ్యాటరీని గుచ్చొద్దు, ఛార్జింగు పెట్టొద్దు. ఒక పాత స్టీలు డబ్బాలో పొడి ఇసక పోసి అందులో ఉంచి, అటక మీద కాకుండా బాల్కనీలో నీడన పెట్టండి. ఫోన్లు, లాప్‌టాప్‌ల విషయానికొస్తే, 2022 ఈ-వేస్ట్ (ఎలక్ట్రానిక్ చెత్త) నిబంధనల కింద తయారీదారులకే వాటి రీసైక్లింగ్ బాధ్యత ఉంది, జాబితాలో 106 రకాల వస్తువులున్నాయి. కాబట్టి కంపెనీ కస్టమర్ కేర్‌కి ఫోన్ చేసి 'ఈ-వేస్ట్ కలెక్షన్' అనే మాట వాడి అడగండి. 'పాత ఫోను తీసుకుంటారా' అంటే ఎక్స్ఛేంజి ఆఫరు చదివి వినిపిస్తారు. ప్రతి నెలా మూడో శనివారం జరిగే స్వచ్ఛాంధ్ర కార్యక్రమం ముందు శానిటేషన్ సెక్రటరీని అడిగితే, ఆ నెల ఈ-వేస్ట్ తీసుకుంటున్నారో లేదో చెబుతారు. ఇచ్చేముందు ఫోనులోంచి మీ అకౌంట్లు తీసేసి రీసెట్ చేయడం మరవొద్దు.

అమెరికా నుంచి మోసుకొచ్చిన 110 వోల్టుల మిక్సీలు, హెయిర్ డ్రయర్లు ఇక్కడ ఎవరికీ దానమివ్వకండి. తీసుకున్నవాళ్లు ట్రాన్స్‌ఫార్మర్ లేకుండా గోడకి పెడతారు, పొగ వస్తుంది. వైరు కత్తిరించి ఈ-వేస్టులో కలపండి.

ట్యూబ్‌లైట్లలో, సీఎఫ్ఎల్ బల్బుల్లో పాదరసం ఉంటుంది. ఎల్ఈడీల్లో ఉండదు. అసలు సమస్య పగిలినప్పుడు వస్తుంది. వెంటనే ఫ్యాను ఆపి, కిటికీలు తెరిచి, పిల్లల్ని తీసుకుని 10–15 నిమిషాలు గది బయట ఉండండి. చీపురు పట్టొద్దు, వాక్యూమ్ క్లీనర్ అసలే వద్దు, రెండూ పాదరసాన్ని గాలిలోకి లేపుతాయి. గట్టి అట్టముక్కలు రెండు తీసుకుని ముక్కల్ని ఎత్తి మూతున్న సీసాలో వేయండి. సన్న పొడిని టేపుతో అద్ది తీయండి. చివర తడి కాగితంతో తుడిచి ఆ కాగితాన్నీ అదే సీసాలో మూసేయండి. పగలని ట్యూబ్‌లైటుని కొత్తదాని అట్టపెట్టెలోనే దూర్చి ఈ-వేస్ట్ రోజు వరకు నిలబెట్టి ఉంచితే చాలు.

పాత ఏసీ అమ్మేటప్పుడు పైపులు కోసి గ్యాసు వదిలేయడం ఇక్కడ మామూలే. మెకానిక్‌తో గ్యాసుని అవుట్‌డోర్ యూనిట్‌లోకి లాగించమనండి. ముందు సన్న పైపు వాల్వు మూసి, ఏసీ నడుస్తుండగా మీటరు సున్నాకి దిగాక లావు పైపు వాల్వు మూస్తారు. అయిదు నిమిషాల పని, తెలిసినవాడికి.

మందులు, సూదులు, డైపర్లు

పెద్దవాళ్లున్న ఇంట్లో గడువు దాటిన మందులు సంచికి తక్కువ ఉండవు. మాత్రల్ని షీట్ల నుంచి తీసి, వాడిన టీపొడిలోనో ఇసకలోనో కలిపి, మూత బిగించిన డబ్బాలో వేసి ప్రత్యేక జాగ్రత్త కావాల్సిన చెత్తగా ఇవ్వండి. అలా కలపకపోతే ఎవరో ఏరి మళ్లీ వాడే ప్రమాదముంది. టాయిలెట్లో పోయొద్దు. దీనికి మినహాయింపు ఫెంటానిల్, మార్ఫిన్, ట్రమడాల్ లాంటి బలమైన నొప్పి మందులు. ఇంట్లో మరొకరి చేతికి చిక్కితే ప్రాణం మీదికొస్తుంది కాబట్టి వీటిని ఫ్లష్ చేయమనే 2025లో కేంద్ర ఔషధ నియంత్రణ సంస్థ ఇచ్చిన జాబితా చెబుతోంది. అందులో 17 మందులున్నాయి.

ఇన్సులిన్ సూదుల్ని పలచటి నీళ్ల సీసాలో వేస్తే గుచ్చుకుని బయటికొస్తాయి. ఫినాయిలు లేదా డిటర్జెంటు వచ్చిన మందపాటి డబ్బా తీసుకుని, ముప్పాతిక నిండగానే మూతకి టేపు చుట్టి, పైన 'సూదులు' అని రాయండి. మీరు రక్తపరీక్షలకెళ్లే ల్యాబువాళ్లని అడిగితే తమ వ్యర్థాలతో పాటు పంపడానికి ఒప్పుకోవచ్చు. వాళ్లకది తప్పనిసరి కాదు, మర్యాదగా అడగాలి.

డైపరు లోపలి మలాన్ని టాయిలెట్లో విదిలించి, డైపర్ని చుట్టి, న్యూస్‌పేపర్లో కట్టి, ఎర్ర పెన్నుతో గీత పెట్టి విడిగా ఇవ్వండి. ప్యాడ్లకీ అంతే. ఫ్లష్ చేస్తే లోపలి జెల్ నీళ్లు పీల్చి ఉబ్బి 4 అంగుళాల పైపుకి బిరడాలా పడుతుంది, కింది ఫ్లోరువాళ్ల బాత్రూములోకి మురుగు ఎగదన్నుతుంది. ఆ రోజు అపార్ట్‌మెంట్లో మీ పేరు మోగిపోతుంది.

వంటింట్లోవి, పూజగదిలోవి

పాడైన ఆవకాయ జాడీ ఉందనుకోండి. మొక్కల మొదట్లో పోస్తే ఉప్పుకి మొక్క చస్తుంది, కంపోస్టులో వేస్తే వానపాములు చస్తాయి, సింకులో పోస్తే నూనె పైపులో పేరుకుంటుంది. నూనె వంచి న్యూస్‌పేపరుకో రంపపు పొట్టుకో పట్టించి పొడి చెత్తలో వేయండి. ముక్కల్ని రోజుకో గుప్పెడు చొప్పున తడి చెత్తలో పంపండి. పండక్కి అరిసెలు, జంతికలు వండిన నూనెకీ ఇదే దారి.

దేవుడి పాత పటాలు చాలామంది రావిచెట్టు కింద ఆనించి వచ్చేస్తారు, లేదా పున్నమి ఘాట్ దగ్గర కృష్ణలో వదులుతారు. చెట్టు కిందివి చివరికి చెత్త బండే ఎత్తుతుంది. మనసు ఒప్పేలా చేయాలంటే వెనక మేకులు తీసి అద్దం, ఫ్రేము, కాగితం విడదీయండి. కాగితాన్ని బకెట్ నీళ్లలో రాత్రంతా నానబెట్టి గుజ్జు చేసి కుండీ మట్టిలో పూడ్చండి. అద్దాన్ని అట్టల మధ్య పెట్టి టేపు వేసి పైన 'గాజు' అని రాసి ఇవ్వండి. పంపేది చేతులతో ఎత్తే మనిషికని మరవొద్దు.

భోగిమంటలో వేద్దామని విరిగిన కుర్చీలు దాచేవాళ్లుంటారు. పాత చెక్క అయితే వేయండి, రంగు పూసినదీ ప్లైవుడ్డూ వద్దు. ప్లాస్టిక్ కుర్చీ, రెగ్జిన్, టైరు వేస్తే ఆ పొగ పీల్చేది చుట్టూ నిలబడ్డ మన పిల్లలే. బహిరంగంగా చెత్త తగలబెట్టినందుకు 5,000 రూపాయల జరిమానా వేయొచ్చని జాతీయ హరిత ట్రిబ్యునల్ 2016లోనే చెప్పింది.

గ్యాసు సిలిండరు మాత్రం పాత సామాన్లలో కలపొద్దు, అది కంపెనీ ఆస్తి. నాన్నగారి పేరు మీది పాత కనెక్షన్ కాగితం వెతికి, సిలిండరు, రెగ్యులేటరు ఏజెన్సీలో అప్పగిస్తే కాగితం మీదున్న డిపాజిట్ వెనక్కిస్తారు.

బాత్రూము కొత్తగా కట్టించుకుంటే పాత టైల్సు, కమోడు ఎవరు తీసుకెళ్లాలో పని ఒప్పుకునేటప్పుడే మేస్త్రీతో రాయించుకోండి. రాయించకపోతే అవి సంచుల్లో మీ గేటు పక్కనే తేలతాయి. కార్పొరేషన్ తీసుకెళ్లడానికి ట్రిప్పు లెక్కన కట్టాల్సిందెంతో సచివాలయంలో ముందే అడగండి. ఇటుక ముక్కలు, సిమెంటు పెళ్లలు విడిగా ఉంటే బేస్‌మెంట్ నింపుకునేవాళ్లు దగ్గర్లో ఎవరో ఒకరు ఉంటారు. వాటిలో థర్మకోలు, వైర్లు, రంగు డబ్బాలు కలిపితే వాళ్లూ వద్దంటారు. రంగు డబ్బాలో అడుగున మిగిలింది కాలువలో కడగకుండా ఇసక కలిపి మూత తీసి రెండు రోజులు ఆరనిస్తే గట్టిపడుతుంది. ఖాళీ ఇనప డబ్బా పాత సామాన్లవాడికి, గట్టిపడిన రంగు ప్రత్యేక జాగ్రత్త కావాల్సిన చెత్తకి.