బేసిక్ వెర్షన్ చాలడం లేదా, మోడలే తప్పా? నిర్మాణ విశ్లేషణలో సమస్యలు - పరిష్కారాలు

విశ్లేషణ మధ్యలో ఆగిపోయినా, అంకెలు నమ్మేలా లేకపోయినా చాలామంది ముందుగా అనుమానించేది వెర్షన్‌నే. భవనాల లాంటి నిర్మాణాలు భారాన్ని ఎలా మోస్తాయో లెక్కించే శాప్ 2000 లాంటి సాఫ్ట్‌వేర్‌ను బేసిక్, ప్లస్, అల్టిమేట్ అని అంచెలుగా అమ్ముతారు. అయితే లీనియర్ స్టాటిక్ విశ్లేషణ (నిలకడ భారాలకు, భారం రెట్టింపైతే ఫలితమూ రెట్టింపవుతుందనుకునే సాదా లెక్క) ఏ అంచెలోనైనా ఒకటే. సాదా బీముకు కింది అంచెలో వచ్చిన మూమెంటే (వంచే ప్రభావమే) పై అంచెలోనూ వస్తుంది. అందుకే లైసెన్సు మార్చే ముందు లక్షణాన్ని బట్టి కారణం వెతకాలి.

అస్థిరత హెచ్చరికతో విశ్లేషణ ఆగిపోతోంది

ఇది దాదాపు ఎప్పుడూ మోడల్ తప్పే. మెంబరుకు (బీము, కాలమ్ లాంటి భాగానికి) రెండు చివరలా టార్షన్ రిలీజ్ (మెలితిప్పుడును అడ్డుకోకుండా వదిలేయడం) ఇచ్చి ఉంటారు. లేదా ఒక నోడ్ (మెంబర్లను కలిపే బిందువు) దగ్గర కలిసే మెంబర్లన్నిటికీ మూమెంట్ రిలీజ్ పెట్టి ఉంటారు. తెరమీద ఒకటిగా కనిపించే రెండు నోడ్లు నిజానికి 2 మిల్లీమీటర్ల ఎడంలో విడివిడిగా ఉండటం కూడా మామూలే.

ముందు దగ్గరదగ్గరగా ఉన్న నోడ్లను కలపండి. టార్షన్ రిలీజ్‌ను ఒక చివర తీసేయండి. అప్పటికీ ఆగిపోతే అనుమానం ఉన్న నోడ్లకు చాలా బలహీనమైన స్ప్రింగులు తగిలించి, స్వీయభారం ఒక్కదానితో నడపండి. మీటర్ల కొద్దీ కదిలిపోయే నోడే దోషి. దాన్ని సరిచేశాక స్ప్రింగులు తీసేయడం మరవకండి. అడ్వాన్స్‌డ్ సాల్వర్ కొన్నా ఈ జబ్బు నయం కాదు.

క్రాస్ బ్రేసింగ్‌లో రెండు కడ్డీలూ బలం పంచుకుంటున్నాయి

ఇది నిజంగానే వెర్షన్‌కు సంబంధించిన సంగతి. సన్నని కడ్డీ లాగుడును మోస్తుంది, నొక్కుడు వస్తే వంగి పక్కకు తప్పుకుంటుంది. లీనియర్ విశ్లేషణకు ఆ సంగతి తెలియదు, నొక్కుడు కడ్డీకి కూడా సగం బలం అంటగడుతుంది. దాంతో లాగుడు కడ్డీలో ఉండాల్సిన బలంలో సగమే కనిపిస్తుంది. అంకె చిన్నది కాబట్టి చూసేవారికి అనుమానం రాదు, ప్రమాదమంతా అక్కడే.

లాగుడును మాత్రమే తీసుకునే మెంబరును నిర్వచించే వీలు మీ వెర్షన్‌లో ఉంటే వాడండి. లేకపోతే గాలి ఎడమ నుంచి వీచినప్పటి మోడల్ ఒకటి, కుడి నుంచి వీచినప్పటిది ఒకటి చేసి, రెండింటిలోనూ నొక్కుడు కడ్డీలను తీసేసి నడపండి. చిన్న షెడ్డుకు ఈ పద్ధతి చాలు. వందల బ్రేసులుంటే మాత్రం పై వెర్షనే నయం.

భవనం పక్కకు ఒరుగుతోంది, పీ-డెల్టా సదుపాయం లేదు

పీ-డెల్టా అంటే ఒరిగిన భవనం మీది నిలువు భారం ఆ ఒరుగుడును మరింత పెంచడం. దాన్ని లెక్కలోకి తీసుకోవలసిన అవసరం ఎంతో ముందు చేత్తో లెక్కించండి. ఒక అంతస్తు మోసే మొత్తం నిలువు భారం 6000 కిలోన్యూటన్లు, ఆ అంతస్తు షియర్ (అడ్డంగా నెట్టే బలం) 150 కిలోన్యూటన్లు, ఎత్తు 4000 మిల్లీమీటర్లు, అంతస్తు డ్రిఫ్ట్ (కింది అంతస్తుతో పోలిస్తే పక్కకు జరిగిన దూరం) 10 మిల్లీమీటర్లు అనుకుందాం. భారాన్ని డ్రిఫ్ట్‌తో గుణించి, షియర్, ఎత్తుల లబ్ధంతో భాగిస్తే 0.1 వస్తుంది. ఈ నిష్పత్తిని 1 లోంచి తీసేస్తే 0.9. 1ని 0.9తో భాగిస్తే 1.11. అంటే పార్శ్వ బలాల వల్ల వచ్చే మూమెంట్లు సుమారు 11 శాతం పెరుగుతాయి.

భూకంప లెక్కల్లో యూరప్ ప్రమాణమైన యూరోకోడ్ 8 ఈ నిష్పత్తి 0.1 వరకు ఉంటే ఈ ప్రభావాన్ని వదిలేయవచ్చంటుంది. 0.1 నుంచి 0.2 వరకు ఇలా గుణకంతో సరిపెట్టుకోనిస్తుంది. 0.3 దాటడాన్ని ఒప్పుకోదు. డ్రిఫ్ట్ తీసుకునేటప్పుడు ఆ కోడ్ అడిగే డిజైన్ డ్రిఫ్ట్‌నే తీసుకోవాలి, తగ్గించిన బలాలకు వచ్చిన ఎలాస్టిక్ విలువను కాదు. నిష్పత్తి 0.25 దగ్గర ఉంటే కొత్త సాఫ్ట్‌వేర్ కన్నా ముందు కాలమ్‌లనో షియర్ గోడలనో పెంచాలి.

రెస్పాన్స్ స్పెక్ట్రమ్‌లో బేస్ షియర్ మరీ తక్కువ

రెస్పాన్స్ స్పెక్ట్రమ్ అంటే భవనం ఊగే తీరులను (మోడ్‌లను) ఒక్కొక్కటిగా లెక్కించి కలిపే భూకంప విశ్లేషణ, బేస్ షియర్ అంటే పునాది దగ్గరి మొత్తం అడ్డబలం. ఆ మోడ్‌లలో పాల్గొన్న ద్రవ్యరాశి శాతం చూడండి. చాలా కోడ్‌లు కనీసం 90 శాతం అడుగుతాయి. తగ్గితే మోడ్‌ల సంఖ్య పెంచండి. పెంచినా కదలకపోతే మోడ్ ఆకారాలను ఒక్కొక్కటిగా చూడండి. ఏదో వదులుగా ఉన్న చిన్న మెంబరు ఊగుతూ మోడ్‌లన్నీ తినేస్తుంటుంది.

మెష్ చిన్నది చేసేకొద్దీ ఒత్తిడి పెరుగుతూనే ఉంది

మెష్ అంటే లెక్క కోసం మోడల్‌ను విడగొట్టే చిన్న ముక్కల వల. పాయింట్ లోడ్ (ఒకే బిందువు మీది భారం) కింద, లోపలికి మడిచిన మూలల్లో ఇది గణితపరంగా రావలసిందే. లోడును నిజమైన వైశాల్యం మీద పరచండి. ఒక బిందువు దగ్గరి ఒత్తిడికి బదులు కోత వెంబడి మొత్తం బలం తీసుకోండి.

పై వెర్షన్‌కు మారాక కాంబినేషన్ ఫలితాలు పొసగడం లేదు

నాన్‌లీనియర్ కేసుల (భారంతో ఫలితం అదే నిష్పత్తిలో పెరగని లెక్కల) ఫలితాలను కూడటం చెల్లదు. డెడ్ లోడ్ (స్వీయభారం లాంటి స్థిర భారం) ఫలితానికి గాలి ఫలితం కలిపితే, కాలమ్‌లో ఉన్న భారం ఒరుగుడును పెంచిన సంగతి లెక్కలోకి రాదు. ప్రతి కాంబినేషన్‌నూ (ఒకేసారి పనిచేసే భారాల కలయికనూ) ఒక నాన్‌లీనియర్ కేసుగా విడిగా నిర్వచించండి, లేదా గాలి కేసును డెడ్ లోడ్ ముగిసిన స్థితి నుంచి మొదలుపెట్టండి.

ఆ కేసు కన్వర్జ్ కాకపోతే, అంటే లెక్క ఒక జవాబు దగ్గర స్థిరపడకపోతే, వెంటనే స్టెప్పుల సంఖ్య పెంచకండి. అదే లోడుతో లీనియర్ బక్లింగ్ (నొక్కుడుకు వంగి పక్కకు తప్పుకోవడం) విశ్లేషణ చేసి మొదటి గుణకం (లోడు ఎన్ని రెట్లయితే బక్లింగ్ వస్తుందో చెప్పే సంఖ్య) చూడండి. అది 1 కన్నా తక్కువైతే పెట్టిన లోడుకు ముందే నిర్మాణం బక్లింగ్‌కు లోనవుతోందన్నమాట, మార్చవలసింది సెక్షన్లనే. 1 కన్నా చాలా ఎక్కువగా ఉంటేనే స్టెప్పులు, టాలరెన్స్‌ల సంగతి చూడండి.