పెద్దపేగు కేన్సర్‌లో రాస్ రిపోర్టును చదవడం ఎలా

పెద్దపేగు కేన్సర్ కాలేయానికో ఊపిరితిత్తులకో పాకినప్పుడు, కణం మీది ఈజీఎఫ్ఆర్ అనే గ్రాహకాన్ని మూసే సెటుక్సిమాబ్ లేదా పానిటుముమాబ్ అనే మందులు ఇవ్వవచ్చునో లేదో తేల్చుకోవడానికి డాక్టరు ముందుగా రాస్ పరీక్ష రాస్తారు. కణితిలోని రాస్ జన్యువుల్లో మార్పు వచ్చిందా అని చూసే పరీక్ష ఇది. ఆ రిపోర్టు అర్థం కావాలంటే ఆరోగ్యంగా ఉన్న పేగు ఎలా పెరుగుతుందో కొంత తెలిసి ఉండాలి.

పేగు లోపలి పొర నాలుగైదు రోజులకొకసారి కొత్తదవుతూ ఉంటుంది. ఆ పని పొరలోని సన్నని గుంటల అడుగున ఉండే మూలకణాలది. ఈజీఎఫ్ అనే గ్రోత్ ఫ్యాక్టర్ వచ్చి కణం మీది ఈజీఎఫ్ఆర్ అనే గ్రాహకానికి అతుక్కుంటే, ఆ సంకేతం లోపల ఉన్న రాస్ ప్రొటీనుకు, అక్కడి నుంచి రాఫ్, మెక్, ఎర్క్‌లకు వరుసగా అంది, కణం విభజన చెందుతుంది. మామూలు రాస్ పని కాగానే తనంతట తాను ఆగిపోతుంది. మ్యుటేషన్ (జన్యువులో మార్పు) వచ్చిన రాస్‌కు ఆ ఆగే గుణం పోతుంది. 2009లో నెదర్లాండ్స్‌లోని హాన్స్ క్లెవర్స్ బృందం ఎలుక పేగులోని ఒక్క మూలకణం నుంచి ప్రయోగశాలలో చిన్న పేగు నమూనాను పెంచినప్పుడు, పోషక ద్రవంలో ఈజీఎఫ్‌ను కలపవలసి వచ్చింది. రాస్ జన్యువుల్లో ఒకటైన కేరాస్‌లో మ్యుటేషన్ ఉన్న పేగు కణాలు ఈజీఎఫ్ లేకపోయినా పెరుగుతాయి. రిపోర్టు చదివేవారు గుర్తుంచుకోవలసినది ఈ తేడానే అని నా అభిప్రాయం. సెటుక్సిమాబ్, పానిటుముమాబ్ మూసేది గ్రాహకాన్ని కనుక, దాని దిగువన ఉన్న రాసే ఎడతెగక సంకేతం పంపుతుంటే వాటివల్ల మేలు జరగదు.

రిపోర్టు చేతికి రాగానే ముందు కణితి నుంచి తీసిన ఏ ముక్కను పరీక్షించారో, అందులో కేన్సర్ కణాల శాతం ఎంతో చూడండి. ఆ శాతం బాగా తక్కువైతే, ఉన్న మ్యుటేషన్ కూడా కనబడకపోవచ్చు. తరువాత కేరాస్, ఎన్‌రాస్ అనే రెండు రాస్ జన్యువుల్లోనూ 2, 3, 4 ఎక్సాన్‌లను (జన్యువులోని భాగాలను) పరీక్షించారా అని సరిచూడండి. కేరాస్‌లో 2వ ఎక్సాన్‌లోని 12, 13 కోడాన్‌లు అనే రెండు చోట్లను మాత్రమే చూసిన రిపోర్టు అసంపూర్ణం; మిగిలినవి కూడా చేయించమని డాక్టరును అడగడంలో తప్పు లేదు.

ఫలితం దగ్గర చాలా కుటుంబాలు పొరబడతాయి. 'వైల్డ్ టైప్' లేదా 'నాట్ డిటెక్టెడ్' అంటే మ్యుటేషన్ లేదని, ఈ మందులకు దారి తెరిచి ఉందని అర్థం. 'డిటెక్టెడ్' అని ఉంటే వీటిని సాధారణంగా వాడరు, కాని కీమోథెరపీ వంటి ఇతర వైద్యానికి అది అడ్డు కాదు. కేరాస్ జీ12సీ అనే అరుదైన మ్యుటేషన్ అయితే దానికి ప్రత్యేకించిన మందులు ఇప్పుడు ఉన్నాయి కనుక, ఆ పేరును డాక్టరు దృష్టికి తీసుకురండి.

రాఫ్ ప్రొటీన్లలో ఒకటైన బీరాఫ్‌లో వచ్చే వీ600ఈ అనే మ్యుటేషన్ ఫలితాన్ని కూడా వదలకండి, ఎందుకంటే అది ఉన్నప్పుడు చికిత్స తీరే మారుతుంది. కణితి పెద్దపేగు కుడి భాగంలో పుట్టి ఉంటే, రాస్ వైల్డ్ టైప్ అయినా మొదటి విడత చికిత్సలో ఈ మందుల ప్రయోజనం ఎడమవైపు కంటే తక్కువ.

మందు మొదలయ్యాక ముఖం మీద, ఛాతీ మీద మొటిమల వంటి దద్దు వస్తే బెదిరి మానేయకండి. చర్మం కూడా ఈ ఈజీఎఫ్ మీదే ఆధారపడుతుంది కనుక అలా జరుగుతుంది. డాక్టరుకు చెబితే తగిన పూతలు, మాత్రలు ఇస్తారు. మూత్రపిండాలు మెగ్నీషియంను నిలుపుకోవడానికీ ఈజీఎఫ్ఆర్ గ్రాహకమే కావాలి. అందువల్ల చికిత్స సాగినంత కాలం రక్తంలో మెగ్నీషియం పరీక్షను తప్పకుండా చేయించుకోండి.