నడకలో ఆవిర్లు: ఒంటికి వేడి చేయడం వేరు, ఇది వేరు

చెన్నైలో లజ్ దగ్గర నాగేశ్వరరావు పార్కులో పొద్దున్నే నడిచే తెలుగు ఆడవాళ్లం అయిదారుగురం ఉంటాం. ఆ పార్కు 1893లో బొంబాయిలో అమృతాంజనం మొదలుపెట్టిన కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారి పేరు మీద ఉంది. మా నెల్లూరు వదినగారు రెండో చుట్టులో ముఖం భగ్గుమన్నప్పుడల్లా "పంతులుగారి పార్కులో పంతులుగారి మందే" అని నుదుటికి అమృతాంజనం రాసుకుంటారు. చల్లగా అనిపిస్తుంది, నిజమే. అందులోని మెంథాల్ చర్మంలో చల్లదనాన్ని పసిగట్టే నరాలను తట్టిలేపుతుంది. ఒంటి వేడి మాత్రం అలాగే ఉంటుంది.

నాకు 48వ ఏట మొదలయ్యాయి ఈ ఆవిర్లు, అంటే నెలసరి ఆగే వయసులో ఉన్నట్టుండి ఒళ్లు భగ్గుమనడం. "వేడి చేసింది, సబ్జా గింజలు తాగు" అంది అమ్మ. కింది వాటాలో ఉండే తమిళ మామి "ఉడంబు సూడు (ఒంటి వేడి), నూనె పెట్టి తలకి పోసుకో" అంది. రెండూ చేశాను, బార్లీ కూడా తాగాను. రెండు నెలలైనా ఏమీ తగ్గలేదు. అన్ని వేడులనీ ఒకటే అనుకోవడం నా తప్పు. నడకలో వచ్చే వేడికి కారణాలు నాలుగైదు ఉంటాయి, దేనికి చేయాల్సింది దానికి ఉంటుంది. అందుకని మీ లక్షణం ఏదో చూసుకుని అక్కడికి రండి.

నడక మొదలుపెట్టిన పది నిమిషాలకే ఛాతీ నుంచి ముఖానికి వేడి ఎగదన్నుతుంది, గుండె దడదడలాడుతుంది, చెమట పోస్తుంది, ఆ తర్వాత చలేస్తుంది

అసలు ఆవిరంటే ఇదే. చివర్లో తరచుగా వేసే చలి దాని గుర్తు. మామూలుగా ఒకటి నుంచి అయిదు నిమిషాల్లో పోతుంది.

కారణం మెదడులో ఉంది. ఒంటి ఉష్ణోగ్రతను కాపలా కాసే హైపోథాలమస్ మామూలు రోజుల్లో కాస్త హెచ్చుతగ్గులను పట్టించుకోదు. ఆడవాళ్ల హార్మోన్ ఈస్ట్రోజన్ పడిపోతున్నప్పుడు ఆ ఓర్పు సన్నబడుతుంది. ఒళ్లు పిసరంత వేడెక్కినా "మంటలు, మంటలు" అని అరిచి చర్మం కింది రక్తనాళాలను బార్లా తెరిపిస్తుంది, చెమట పట్టిస్తుంది. వ్యాయామమంటేనే ఒళ్లు వేడెక్కడం. అంటే రోజూ మన చేతులతో మనమే ఆ కాపలావాణ్ణి గిల్లుతున్నామన్నమాట. నెలసరి ఆగి 12 నెలలు నిండితేనే మెనోపాజ్ అంటారు, మన దేశంలో అది సగటున 46, 47 ఏళ్లకే వస్తుంది. ఆవిర్లు మాత్రం నెలసరి గాడి తప్పినప్పటి నుంచే మొదలై ఏళ్ల తరబడి సాగవచ్చు. "ఇంకా ముట్లు ఆగలేదుగా, ఇది అదెలా అవుతుంది" అనుకోకండి.

ఏం చేయాలంటే, ముందు మొదటి పది నిమిషాలనూ నెమ్మది చేయండి. గేటు దాటగానే బస్సు అందుకోవాలన్నట్టు నడవడం మా అందరి జబ్బు. మొదటి చుట్టు కబుర్లు చెప్పుకునే నడక, రెండోది కొంచెం చురుగ్గా, మూడో చుట్టు నుంచి అసలు వేగం. ఇంట్లోంచి బయల్దేరేముందు ఒక గ్లాసు చల్లటి నీళ్లో పల్చటి మజ్జిగో తాగండి. తడిపి పిండిన చేతిరుమాలు వెంట ఉంచుకుని మెడ వెనక వేసుకోండి. అరగంట ఏకధాటిగా నడిచే బదులు పావుగంట చొప్పున రెండు విడతలుగా నడిచినా లెక్కలోకి వస్తుంది. వారానికి 150 నిమిషాల ఓ మోస్తరు వ్యాయామమన్నది గురి. దాన్ని ఎన్ని ముక్కలుగా చేసుకున్నా ఎవరూ అడగరు.

ఆవిరి వచ్చినప్పుడు ఉన్నపళంగా ఆగిపోకండి. రక్తనాళాలన్నీ విచ్చుకుని ఉంటాయి, కాళ్లు ఆడడం ఆగగానే రక్తం కిందే నిలిచి కళ్లు తిరగవచ్చు. వేగం సగానికి తగ్గించి, నీడలోకి జరిగి, నడుస్తూనే ఉండండి. పోయాక మళ్లీ అందుకోండి.

చేతి గడియారం చూసి భయపడే వాళ్లకో మాట. ఆవిరిలో గుండె వేగం దానికదే నిమిషానికి మరో పది దాకా పెరుగుతుంది, ఆ అంకె మీ శ్రమకు కొలత కాదు. మాట్లాడగలగాలి, పాట పాడలేకపోవాలి. ఆ మాత్రం వేగమైతే చాలు.

చెమట కారుతూనే ఉంటుంది, పావుగంటైనా వేడి దిగదు, చలి వేయదు

ఇది ఆవిరి కాదు, చెన్నై. లేదా ఆవిరితో మొదలై చెన్నైతో కొనసాగుతున్నది. ఈ తేడా తెలియడానికే నాకు ఏడాది పట్టింది.

చెమట పట్టడం వల్ల ఒళ్లు చల్లబడదు, పట్టిన చెమట ఆరితే చల్లబడుతుంది. ఈ ఊళ్లో గాలి అప్పటికే నీళ్లు తాగి కూర్చుని ఉంటుంది, మన చెమటకి చోటుండదు. గడ్డం మీంచి టపటపా నేలరాలే చెమట ఒంట్లో నీళ్లనూ ఉప్పునూ తీసుకుపోతుందే తప్ప వేడిని తీసుకుపోదు. అనంతపురంలో మా చెల్లెలు ఇంతకన్నా మండే ఎండలో నడిచి, "ఒళ్లు పొడిగానే ఉంది అక్కా" అంటుంది. అక్కడ చెమట పట్టినది పట్టినట్టే ఆరిపోతుంది మరి.

తెల్లవారుజామున వెళ్తే హాయిగా ఉంటుందని అందరూ చెప్తారు. ఉష్ణోగ్రత తక్కువన్న మాటా నిజమే. గాలిలో తేమ శాతం మాత్రం రోజు మొత్తంలో అప్పుడే ఎక్కువ. ఆకు కదలని ఉదయం చెట్ల మధ్య నడక కంటే, సాయంత్రం మెరీనాలో సముద్రపు గాలికి ఎదురుగా నడక నాకు మేలనిపించింది. వెతకాల్సింది చల్లదనాన్ని కాదు, గాలి ఆడే చోటుని. పంచాంగంలో డొల్లు కర్తరి మొదలయ్యే మే 4 నుంచి నెలాఖరు దాకా, ఇక్కడి వాళ్లు కత్తిరి వెయిల్ అనే రోజుల్లో, నేను బయటి నడక మానేసి ఇంట్లో టేబుల్ ఫ్యాను ఎదురుగా పెట్టుకుని నిలబడ్డచోటే నడుస్తాను. సీలింగ్ ఫ్యాను చాలదు, ఒంటికి తగిలే గాలి కావాలి.

బట్టల విషయంలో నా అభిప్రాయం చాలామందికి నచ్చదు. కాటన్ చెమటను పీల్చుకుని తడిబట్టలా ఒంటికి అతుక్కుంటుంది. నడక వరకు పల్చటి, వదులైన, ఆటగాళ్లు వేసుకునే జాళీ గుడ్డ నయం. చున్నీ ఇంట్లో వదిలేయండి. లోపల వేసుకునేది బిగుతుగా ఉంటే ఛాతీ దగ్గర వేడి బందీ అవుతుంది, ఒక సైజు పెద్దది ప్రయత్నించి చూడండి.

నేను ఒకప్పుడు చేరిన జిమ్‌లో శిక్షకుడు, పాతికేళ్ల కుర్రాడు, "చెమట పడితేనే కొవ్వు కరుగుతుంది మేడమ్" అని ఏసీ ఆపేసేవాడు. చెమటకీ కొవ్వుకీ సంబంధం లేదు. చెమటగా పోయింది నీళ్లు, ఒక చెంబు నీళ్లు తాగితే తిరిగొచ్చేస్తుంది. రెండో వారం అక్కడే కళ్లు బైర్లు కమ్మి కూలబడ్డాక మానేశాను. తలనొప్పి, వాంతి వచ్చేట్టుండడం, మాట తడబడడం ఉంటే అది వడదెబ్బ దారి. నీడ, తడిగుడ్డ, ఆసుపత్రి, ఆ వరసలో.

కొన్ని రోజులే వస్తాయి, కొన్ని రోజులు రావు

కాఫీని అనుమానించండి. ఈ మాట ఈ ఊళ్లో అనడం సాహసమే. డవరాలో పొగలు కక్కే ఫిల్టర్ కాఫీలో రెండున్నాయి: కెఫీన్, వేడి. కొందరికి రెండూ ఆవిరిని రేపుతాయి, కొందరికి ఏమీ చేయవు. అందరూ మానాలని ఎక్కడా లేదు. రెండు వారాలు నడక ముందు తాగే కాఫీని నడక తర్వాతకి మార్చి చూడండి. తేడా లేకపోతే మళ్లీ ముందుకే మార్చుకోండి. నాకు తేడా కనిపించింది, వదినగారికి కనిపించలేదు. ఆవిడ ఆ విషయం నాకు రోజూ గుర్తుచేస్తారు.

కారం, వైన్, సిగరెట్టు పొగ, ఇంట్లో గొడవపడి బయటికొచ్చిన ఉదయాలు కూడా ఈ కోవలోవే.

సాయంత్రం వ్యాయామం బాగానే సాగుతుంది, రాత్రి రెండింటికి దుప్పటి తడిసి మెలకువ వస్తుంది

పడుకునే వేళకి ఒళ్లు ఇంకా చల్లబడకపోయి ఉండవచ్చు. గట్టి వ్యాయామాన్ని పడకకి మూడు గంటల ముందే ముగించండి, గోరువెచ్చని నీళ్లు పోసుకోండి.

వేడి లేదు, చల్లచెమటలు, వణుకు, ఆకలి

మధుమేహానికి ఇన్సులిన్ గానీ గ్లిమెపిరైడ్ లాంటి మాత్ర గానీ వాడుతున్నారా? అయితే ఇది చక్కెర పడిపోవడం కావచ్చు. పరీక్షలో 70 కంటే తక్కువుంటే మూడు చెంచాల పంచదార నీళ్లలో కలుపుకుని తాగి, 15 నిమిషాల తర్వాత మళ్లీ చూసుకోండి. ఆవిరే కదా అని నడుస్తూ పోతే ప్రమాదం.

బీపీకి అమ్లోడిపిన్ వాడేవాళ్లకి ఆ మందు వల్లే ముఖం వేడెక్కవచ్చు. మాత్ర మీరుగా ఆపకండి, రాసిన డాక్టరుకి చెప్పండి. కూర్చున్నా గుండె పరుగు, చేతుల వణుకు, తిన్నా బరువు తగ్గడం ఉంటే థైరాయిడ్ పరీక్ష చేయించుకోండి.

ఛాతీ మీద బరువు పెట్టినట్టుండి, అది దవడకో చేతికో వీపుకో పాకుతూ, ఊపిరి అందకుండా చెమట పడితే ఆలోచన వద్దు, 108. ఆడవాళ్ల గుండెపోటును "ఆ వయసు కదా" అని తేలిగ్గా తీసుకునే ఇళ్లు చాలా ఉన్నాయి.

ఇవన్నీ చేశాను, అయినా రోజుకి ఎనిమిది పదిసార్లు

అయితే పార్కులో దొరికే సలహాల వల్ల కాదు. స్త్రీవైద్య నిపుణురాలి దగ్గరికి వెళ్లండి. ఆవిర్లకి అన్నిటికంటే బాగా పనిచేసేది హార్మోన్ చికిత్స. 60 ఏళ్ల లోపు, నెలసరి ఆగి పదేళ్లు దాటని చాలామందికి లాభమే ఎక్కువ. రొమ్ము క్యాన్సర్ వచ్చినవాళ్లకీ రక్తం గడ్డలు కట్టినవాళ్లకీ సాధారణంగా ఇవ్వరు, వాళ్లకి వెన్లాఫాక్సిన్, గాబాపెంటిన్ లాంటి హార్మోన్ లేని మందులున్నాయి. మందుల షాపులో పక్కింటావిడ చీటీ చూపించి మాత్రలు కొనుక్కోవడం మాత్రం చేయకండి.

"ఆవిర్ల వల్ల వ్యాయామమే మానేస్తా" అంటే ఏ డాక్టరూ ఒప్పుకోదు, ఈ కొద్ది ఏళ్లలోనే ఎముక వేగంగా పలచబడుతుంది. ఆవిరి భయం ఎక్కువుంటే ఫ్యాను ఎదురుగా కూర్చుని బరువులెత్తండి, వారానికి రెండు రోజులు. వ్యాయామంతో ఆవిర్లు తగ్గుతాయని గట్టిగా చెప్పే ఆధారం లేదు, ఆ ఆశతో మొదలుపెట్టకండి.

వెళ్లేటప్పుడు రెండు వారాల చిట్టా పట్టుకెళ్లండి. నాది ఇలా ఉండేది: "మంగళవారం, 5.50, రెండో చుట్టు, కాఫీ తాగాను, 3 నిమిషాలు, చలి ఉంది. బుధవారం, రాలేదు, కాఫీ లేదు. గురువారం, 6.10, గాలి లేదు, 20 నిమిషాలు, చలి లేదు." డాక్టరమ్మ నా మాట కంటే ముందు ఆ కాగితమే చదివింది. గురువారం పక్కన పెన్నుతో "ఎండ" అని రాసి, మంగళవారం దగ్గర ఆగింది.