జాయింట్ ఫ్లడ్ టీమ్ విడిపోతుంటే పంపులు, బోట్లు, వాకీటాకీలు ఎలా పంచుకోవాలి

2015 డిసెంబర్ వరదల తర్వాత చెన్నైలో చాలా చోట్ల పక్కపక్క అపార్ట్‌మెంట్ల వాళ్ళు కలిసి డబ్బులేసుకుని డీజిల్ పంపులు, రబ్బర్ బోట్లు, లైఫ్ జాకెట్లు కొనిపెట్టుకున్నారు. మేమూ అంతే. వేళచ్చేరి వైపు మూడు అసోసియేషన్లు కలిసి ఒక టీమ్ పెట్టుకున్నాం, అందులో సగం మంది నెల్లూరు, చిత్తూరు నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడిన వాళ్ళమే. కొన్నేళ్ళు బాగానే నడిచింది, తర్వాత ఒక అసోసియేషన్ వాళ్ళు మేం సొంతంగా చూసుకుంటాం అన్నారు. గొడవేం లేదు, నవ్వుతూనే విడిపోయాం, కానీ సామాన్లు పంచుకోవడంలో తప్పు చేశాం.

ఆ తప్పు 2023 డిసెంబర్ 3 రాత్రి బయటపడింది. మిచాంగ్ తుఫాను ఇంకా బాపట్ల దాకా పోలేదు, వానంతా మా నెత్తినే కురుస్తోంది. రాత్రి రెండింటికి సెల్లార్‌లో నీళ్ళు మూడో మెట్టు దాటాయి. పంపులో డీజిల్ పోసి స్టార్ట్ చేస్తే ఇంజన్ గుడగుడా తిరుగుతోంది, నీళ్ళు మాత్రం లాగట్లేదు. ప్రైమింగ్‌కి, అంటే పంపు లాగడం మొదలుపెట్టేలా ముందుగా నింపడానికి, బకెట్‌తో పోసిన నీళ్ళు పోసినట్టే కిందికి జారిపోతున్నాయి, ఎందుకంటే నీళ్ళు లాగే సక్షన్ పైపు చివర వాటిని వెనక్కి పోకుండా ఆపే ఫుట్‌వాల్వ్ లేదు. అది పైపులతో పాటు అవతలి అసోసియేషన్ వాటాకి పోయింది, వాళ్ళ స్టోర్ రూమ్‌కి తాళం, ఫోన్లేమో కలవట్లేదు. చిన్నప్పుడు అమ్మమ్మ చెప్పిన కథలో అన్నదమ్ములు ఆవుని ముందు సగం నీది వెనక సగం నాది అని పంచుకున్నారు చూడండి, మేం చేసింది అచ్చంగా అదే.

అందుకని మొదట చెప్పేది ఇదే, వస్తువుల్ని లెక్కపెట్టి పంచకండి, సెట్లుగా పంచండి. పంపు అంటే ఒట్టి పంపు కాదు, సక్షన్ పైపు, ఫుట్‌వాల్వ్, డెలివరీ పైపు, క్లాంపులు, డీజిల్ క్యాన్, స్పానర్లు అన్నీ కలిపితేనే ఒక పంపు. బోటు అంటే తెడ్లు, కాలితో కొట్టే గాలి పంపు, పంక్చర్ కిట్, తాడు, బోటులో ఎంతమంది పడతారో అన్ని లైఫ్ జాకెట్లు. వాకీటాకీ అంటే ఛార్జర్, స్పేర్ బ్యాటరీ. వీటిలో ఒక్కటి కూడా విడదీయొద్దు. రెండు పంపులుండి ఫుట్‌వాల్వ్ ఒకటే ఉంటే ముందు ఇంకోటి కామన్ ఫండ్‌లోంచి కొని ఆ తర్వాతే పంపకానికి కూర్చోండి.

ఎప్పుడు పంచుకోవాలి అంటే ఫిబ్రవరి నుంచి జూన్ లోపల. మనకి అసలు వాన అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా కదా, సెప్టెంబర్‌లో మొదలుపెడితే మీటింగుల్లోనే సీజన్ వచ్చేస్తుంది, సామాను ఎవరి చేతిలోనూ లేకుండా మధ్యలో ఉండిపోతుంది. లెక్క తేలేదాకా పాత టీమే బాధ్యత చూడాలి అని మినిట్స్ బుక్‌లో రాసి ముగ్గురు సెక్రటరీల చేత సంతకం పెట్టించండి.

తర్వాత లిస్టు. సీరియల్ నంబర్, కొన్న తేదీ, బిల్లు ఎవరి పేరు మీద ఉంది, ఇప్పుడు ఎవరి దగ్గరుంది, పనిచేస్తోందా లేదా. పనిచేస్తోందా అన్నది నోటి మాటగా రాయొద్దు, పంపుని సంపులో పెట్టి పది నిమిషాలు నడిపి చూసి రాయండి. బోటులో గాలి కొట్టి ఒక రాత్రంతా వదిలేసి పొద్దున చూడండి. బోటు వెనక తగిలించే ఔట్‌బోర్డ్ మోటార్ ఉంటే పాత పెట్రోల్ తీసేయించండి, ఇప్పుడొచ్చే పెట్రోల్‌లో ఇథనాల్ కలుస్తుంది, అది తేమని పట్టుకుంటుంది, నెలల తరబడి ట్యాంకులో ఉంచితే కార్బురేటర్ పాడవుతుంది.

ఏది ఎవరిది అనే దగ్గర నాలుగు రకాలుంటాయి. అందరూ కలిసి కొన్నవి, ఒకళ్ళే సొంతంగా తెచ్చి వాడుకోమని ఇచ్చినవి, వార్డు ఆఫీసు లాంటి చోట నుంచి వాడకానికి తెచ్చినవి, కంపెనీలు సీఎస్‌ఆర్ కింద, అంటే సామాజిక బాధ్యత ఖర్చు కింద ఇచ్చినవి. పంచాల్సింది మొదటి రకం ఒక్కటే. రెండోది తెచ్చిన వాళ్ళకి, మూడోది ఇచ్చిన ఆఫీసుకి రసీదు తీసుకుని తిరిగిచ్చేయాలి. నాలుగోది మాత్రం జాగ్రత్త. 2021లో మార్చిన సీఎస్‌ఆర్ రూల్స్ ప్రకారం ఆ డబ్బుతో కొన్న ఆస్తి ఎవరి పేరు మీద ఉండొచ్చో పరిమితి ఉంది, మనకి మనం మీటింగ్‌లో చేతులెత్తి మార్చేసేది కాదు, ఇచ్చిన కంపెనీకి లెటర్ రాసి వాళ్ళ జవాబు చేతికొచ్చాకే కదిలించండి.

విలువ కట్టడానికి మా ట్రెజరర్ గారు వాడిన పద్ధతి తేలిక. ఇన్‌కమ్ ట్యాక్స్ లెక్కల్లో మెషినరీకి ఏడాదికి 15 శాతం చొప్పున మిగిలిన విలువ మీద తగ్గిస్తారు, అదే పట్టుకోండి. 60,000 పెట్టి కొన్న పంపు ఐదేళ్ళకి దాదాపు 26,600 అవుతుంది. రిపేర్‌కి వచ్చిన దాన్ని ఆ ఖర్చు తీసేసి లెక్కేయండి. ఈ లెక్క డబ్బు సర్దుబాటుకే, ఏ వస్తువు ఎవరికి అన్నది దీన్ని బట్టి తేల్చొద్దు. చీటీలు కూడా వేయొద్దు.

మరి ఎవరికి ఇవ్వాలి? నీళ్ళు ముందు ఎవరి గుమ్మంలోకి వస్తాయో వాళ్ళకి. మా మూడు అసోసియేషన్లలో ఒకటి రోడ్డుకంటే పల్లంలో ఉంది, అక్కడ గ్రౌండ్ ఫ్లోర్‌లో మంచం దిగలేని పెద్దవాళ్ళు కూడా ఉన్నారు. వాళ్ళు కట్టిన వాటా అందరికంటే తక్కువ, అయినా పెద్ద పంపూ బోటూ వాళ్ళకే పోవాలి, తేడా డబ్బు రెండు మూడు వాయిదాల్లో ఇస్తారు. ఆ తప్పు తర్వాత మళ్ళీ కూర్చుని చేసిన మా రెండో పంపకంలో ఇలాగే చేశాం, మొదట మేం ఎక్కువ పెట్టాం కదా అని కొందరు బాధపడ్డారు, వాళ్ళని ఆ సెల్లార్ దగ్గరికి తీసుకెళ్ళి గోడ మీద 2015 నీళ్ళ గుర్తు చూపించాను, నా భుజం ఎత్తులో ఉంది, ఇంక ఎవరూ మాట్లాడలేదు.

వాకీటాకీలు పంచే ముందు అవి ఏ రకమో చూడండి. 446.0 నుంచి 446.2 మెగాహెర్ట్జ్‌లో పనిచేసే తక్కువ పవర్ సెట్లకి 2018 రూల్స్ ప్రకారం లైసెన్స్ అక్కర్లేదు, అవైతే హాయిగా పంచుకోవచ్చు. మిగతా పెద్ద సెట్లకి టెలికాం శాఖలోని డబ్ల్యూపీసీ విభాగం లైసెన్స్ ఉంటుంది, అది ఎవరి పేరు మీద ఉందో వాళ్ళే వాడాలి, ఇంకొకరికి ఇవ్వాలంటే ముందు ఆ విభాగాన్ని అడగాలి.

తేదీ దాటినవి ఎవరి వాటాలోకీ రానీయకండి. ఆగిన గుండెకి షాక్ ఇచ్చే ఏఈడీ మెషిన్ ఉంటే ప్యాడ్ల మీద, బ్యాటరీ మీద తేదీ చూడండి. కార్బన్ డయాక్సైడ్ ఫైర్ సిలిండర్‌కి ఐదేళ్ళకోసారి ప్రెజర్ టెస్ట్ చేయించాలి, తేదీ సిలిండర్ మెడ దగ్గర కొట్టి ఉంటుంది. ఎండలో పడున్న లైఫ్ జాకెట్ గుడ్డని గట్టిగా లాగితే చిరిగిందంటే పక్కన పడేయండి. ఇలాంటిది ఒకరికి అంటగడితే మోసపోయేది సెక్రటరీ గారు కాదు, నడుం లోతు నీళ్ళలో అది వేసుకునే మనిషి.

విడిపోయినా ఒక పేజీ ఒప్పందం రాసుకోండి, ఏం అడిగితే ఏం ఇవ్వాలి, ఎంతసేపట్లో, డీజిల్ ఎవరు పోయాలి, పాడైతే ఎవరు బాగుచేయించాలి. ప్రతి స్టోర్ రూమ్ తాళం చెవి ఇంకోటి పక్క అసోసియేషన్ వాచ్‌మన్ దగ్గర ఉండాలి, ఇది మాత్రం బతిమాలి చెప్తున్నా. కార్పొరేషన్ 1913, ఎమర్జెన్సీ 112 నంబర్లు, మూడు టీముల ఫోన్లు ఆ తలుపు మీదే పెయింట్‌తో రాయించండి, కాగితం అంటిస్తే తడిసి ఊడిపోతుంది.

అప్పగించే రోజు సామాను ఆటోలో వేసి పంపేసి సరే అనుకోకండి. తీసుకునే వాళ్ళ సంపు దగ్గరే పంపు బిగించి, వాళ్ళ కుర్రాడి చేతే ప్రైమింగ్ చేయించి, నీళ్ళు డెలివరీ పైపులోంచి రోడ్డు మీద పడ్డాక అక్కడే నిలబడి ఇద్దరూ సంతకాలు పెట్టండి.