సిస్టమ్ మార్చే ముందు డి డ్రైవ్‌ని నమ్ముకోకండి

చిక్కడపల్లిలో మా బావకి డీటీపీ షాపు ఉంది. మాఘ మాసం, ముహూర్తాల హడావిడి. సరిగ్గా ఒక శుభలేఖ ప్రింటుకి పంపబోతుంటే కంప్యూటర్ దానంతట అదే రీస్టార్ట్ అయి అప్‌డేట్ మొదలుపెట్టింది. ముప్పావు గంట. పెళ్లికూతురి నాన్నగారు స్టూలు మీద కూర్చుని గోడ గడియారం చూస్తూనే ఉన్నారు. ఆ రాత్రే బావ షట్టర్ దించి, విండోస్ బదులు వాడుకునే ఉచిత సిస్టమ్ లినక్స్ ఎక్కించేశాడు. 'ఎరేజ్ డిస్క్' అని కనబడితే, ఫైళ్లన్నీ డి డ్రైవ్‌లో ఉన్నాయి కదా అని ధైర్యంగా నొక్కాడు. తొమ్మిదేళ్ల డిజైన్లు పోయాయి.

చాలా కంప్యూటర్లలో సి, డి రెండూ ఒకే డిస్కు. మధ్యలో గీత గీసి రెండు పేర్లు పెట్టారంతే. డిస్కు చెరిపితే రెండూ పోతాయి. ఒకవేళ పొరపాటున నొక్కేస్తే వెంటనే ఆపేసి, రికవరీ తెలిసినవాళ్లకి చూపించండి. ఆ డిస్కు మీద కొత్తవి రాసే కొద్దీ పాతవి దొరకడం కష్టం.

కోపం రావడం న్యాయమే. విండోస్ 10కి 2025 అక్టోబర్ 14తో మామూలు సపోర్ట్ ఆగిపోయింది. విండోస్ 11కేమో టీపీఎం 2.0 అనే భద్రతా ఏర్పాటు కావాలి, ఇంటెల్ అయితే దాదాపు 8వ తరం ప్రాసెసర్ ఉండాలి. చక్కగా నడుస్తున్న మెషీన్‌ని పక్కన పడేయమంటే ఎవరికైనా ఒళ్లు మండుతుంది. అయితే మండిన రోజున మాత్రం మార్చకండి. పెళ్లిళ్ల సీజన్‌లో వద్దు, మార్చి నెలాఖరులో వద్దు. నెలనెలా జీఎస్టీ రిటర్నులు వేసేవాళ్లు 11, 20 తేదీల దగ్గర అసలు ముట్టుకోవద్దు.

ముందు బ్యాకప్. ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్కులోకి కాపీ చేస్తే సరిపోదు. దాన్ని ఇంకో కంప్యూటర్‌కి పెట్టి ఓ పది ఫైళ్లు తెరిచి చూడండి. ఫాంట్లు, ట్యాలీ డేటా, బ్రౌజర్‌లో దాచుకున్న పాస్‌వర్డ్‌లు మరవొద్దు. డిస్కుకి తాళం వేసే బిట్‌లాకర్ ఆన్‌లో ఉందేమో చూసి, ఉంటే ఆ 48 అంకెల రికవరీ కీని కాగితం మీద రాసుకోండి. కంప్యూటర్ ఆన్ అవగానే నడిచే బయోస్ సెట్టింగులు కదిపాక అది అడిగితే, కీ లేకుండా మీ డిస్కు మీకే తెరుచుకోదు.

తర్వాత 8 జీబీ పెన్‌డ్రైవ్‌లో లినక్స్‌లో రకాలైన ఉబుంటూ గానీ మింట్ గానీ వేసుకుని, ఇన్‌స్టాల్ నొక్కకుండా దాని నుంచే నడిపి చూడండి. వైఫై, మీ ప్రింటర్, మీ స్కానర్, డిజిటల్ సంతకం టోకెన్ అన్నీ పెట్టి చూడాలి. ఫోన్లలో, వెబ్‌లో కనబడే యూనికోడ్ తెలుగు ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డుతో హాయిగా టైపవుతుంది. చిక్కంతా డీటీపీ వాళ్లకే. వాళ్లు వాడే అను ఫాంట్లు యూనికోడ్ కావు, పేజీలు కూర్చే 2001 నాటి పేజ్‌మేకర్ 7.0 లినక్స్ కోసం చేసింది కాదు. ఆ పని ఉన్నవాళ్లు పాత మెషీన్ ఒకటి నెట్ కనెక్షన్ తీసేసి అలాగే ఉంచుకోండి.

నన్నడిగితే అన్నిటికన్నా మంచి దారి ఇంకోటుంది. కంప్యూటర్ షాపులుండే సికింద్రాబాద్ సీటీసీలోనో, మీకు దగ్గర్లోనో ఒక చిన్న ఎస్‌ఎస్‌డీ, అంటే కొత్త రకం డిస్కు కొనండి. పాత డిస్కు కేబుల్ పీకి, కొత్తదాని మీద లినక్స్ వేయండి. నచ్చకపోతే పాతది మళ్లీ తగిలించుకోవచ్చు. షాపులో ఇచ్చి చేయించుకుంటే మాత్రం పాత డిస్కు మీ చేతిలో పెట్టమని ముందే చెప్పండి.

బావ ఇప్పుడు శాంపిల్ ఆల్బమ్‌లో అంటించిన పాత కార్డులు చూసుకుంటూ ఒక్కొక్కటే మళ్లీ టైప్ చేస్తున్నాడు.